సెంటర్‌ని ఎంతసేపు ఆడించాలి, ఎప్పుడు కూర్చోబెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థం అవ్వాలి కదా, ఓసారి నా మాటల్లో చెప్పేస్తా. చెన్నైలో ఇంజినీరింగ్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌ని చూసుకుంటున్నావు, రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు, అంటే సెంటర్, ఆరడుగుల అయిదంగుళాలవాడు ఒక్కడే ఉన్నాడు, మొదటి క్వార్టర్ సగం దాటేసరికే వాడికి ఆయాసం, మూడో క్వార్టర్‌కి నాలుగు ఫౌల్స్, పోనీ కూర్చోబెడదామా అంటే ఆ మూడు నాలుగు నిమిషాల్లో అవతలివాళ్లు వరసపెట్టి పది పాయింట్లు లాగేస్తున్నారు. బెంచ్ మీద ఉన్న రెండోవాడు ఆరడుగులు దాటడు. ఇప్పుడు వాడిని ఎన్ని నిమిషాలు ఆడించాలి, ఎవరితో కలిపి ఆడించాలి. ఇదేగా?

ముందు జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తా. 40 నిమిషాల మ్యాచ్‌లో ఇలాంటి కుర్రాడికి 26 నుంచి 28 నిమిషాలు చాలు. ఒక్క విడతలో ఆరు నిమిషాలు దాటనివ్వకు, ఆఖరి క్వార్టర్ ఒక్కటే మినహాయింపు. ఇంతకంటే ముఖ్యం, వాడు లేని ఆ పన్నెండు పదమూడు నిమిషాలకి ఇంకో రకం ఆట నేర్పించి పెట్టుకోవాలి. ఇక్కడే చాలామంది కోచ్‌లు దెబ్బతింటారు. సెంటర్ కూర్చుంటాడు, లోపలికి వెళ్లిన పొట్టివాడు కూడా అదే పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర, అదే చోట నిలబడతాడు, మిగతా నలుగురూ అలవాటుగా బాల్ అక్కడికే వేస్తారు, వాడు దాన్ని పోగొట్టుకుంటాడు, అవతలివాళ్లకి ఫాస్ట్ బ్రేక్, మనవాళ్లు వెనక్కి చేరేలోపే పరిగెత్తి వేసేస్తారు. పది పాయింట్లు ఎక్కడికి పోయాయంటే ఇక్కడికే పోయాయి.

నేనెవరంటే, నెల్లూరు నుంచి చదువుకోడానికి మద్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయిన బాపతు. యూనివర్సిటీకి పోస్ట్‌లోనే ఆడా, ఆ తర్వాత ఇక్కడి కాలేజీ టీములకి చాలా ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్నా. కాబట్టి లావుగా పొడుగ్గా ఉండి ఆయాసపడేవాళ్ల బాధ నాకు లోపలినుంచే తెలుసు.

నిమిషాల లెక్క ఎలా వచ్చిందో చెప్తా. పిల్లలు టీవీలో అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూసి ఫలానా సెంటర్ 32 నిమిషాలు, 34 నిమిషాలు ఆడతాడు, మనవాడు ఆడలేడా అంటారు. అక్కడ మ్యాచ్ 48 నిమిషాలు, ఆరు ఫౌల్స్ పడితే ఆట నుంచి బయటికి. మనం ఆడేది అంతర్జాతీయ సమాఖ్య ఫీబా రూల్స్, 40 నిమిషాలు, అయిదు ఫౌల్స్. 48లో 32 అంటే మూడింట రెండొంతులు, మన 40లో అది 27 దగ్గర తేలుతుంది. అంటే నువ్వు 27 ఆడిస్తే అక్కడి స్టార్ సెంటర్‌తో సమానంగా ఆడించినట్టే, తక్కువేం కాదు. పాతకాలపు ఎన్‌బీఏ సెంటర్ విల్ట్ చాంబర్లిన్ 1961-62 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు, ఓవర్‌టైములు కూడా కలవడంతో ఆ సగటు 48 నిమిషాల మ్యాచ్ నిడివినే దాటిపోయింది, అలాంటి మనిషి మళ్లీ పుట్టలేదు కాబట్టి ఆ ఉదాహరణ ఎవరైనా తెస్తే నవ్వి ఊరుకో. అటు చివర చూడాలంటే చైనా సెంటర్ యావో మింగ్. కాలి గాయాల తర్వాత 2010-11లో తిరిగొచ్చినప్పుడు వాడి టీమ్ హ్యూస్టన్ వాళ్లు మ్యాచ్‌కి 24 నిమిషాలు దాటకూడదని హద్దు పెట్టారు, అయినా ఆ సీజన్‌లో అయిదు మ్యాచ్‌లకే ఆగిపోయాడు, 2011లో రిటైర్ అయిపోయాడు. పొడుగువాళ్ల పాదాలు, మోకాళ్లు ఆ బరువుని ఎంతకాలం మోస్తాయో ముందే చెప్పలేం. మీవాడికి ఇంకా పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి, ఇప్పుడే అరగదీయకు.

ఇక ఆరు నిమిషాలు ఎందుకన్నానంటే, బయటినుంచి బాల్ నడిపే గార్డ్ పరిగెత్తే దూరం ఎక్కువే కావచ్చు కానీ వాడిని ఎవడూ నెట్టడు. సెంటర్ ప్రతి పొసెషన్‌లో, అంటే బాల్ చేతులు మారిన ప్రతిసారీ, ఈ పెయింట్ (రింగ్ కింద రంగు వేసిన చోటు) నుంచి ఆ పెయింట్‌కి పరిగెత్తాలి, అక్కడికెళ్లి స్క్రీన్ పెట్టాలి, అంటే మనవాడిని గార్డ్ చేసేవాడికి అడ్డుగా నిలబడాలి, ఒకడిని వీపుతో నెట్టుకుంటూ చోటు సంపాదించుకోవాలి, ఎగరాలి, దిగాలి, మళ్లీ ఎగరాలి. దీనికి తోడు మన చెన్నై ఉక్కపోత. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నీళ్లు పోతాయి, ఉప్పు పోతుంది, వేడి మాత్రం పోదు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక సిమెంట్ కోర్టు మీద కాస్త నయం, నాలుగు గోడల మధ్య ఏసీ లేని ఇండోర్‌లో అయితే మరీ ఘోరం. అదే కుర్రాడు బెంగళూరులో ఎనిమిది నిమిషాలు ఆడితే ఇక్కడ ఆరుకే పడిపోతాడు.

అలిసిపోయాడని ఎలా తెలుస్తుంది? అడిగితే చెప్పడు, ఏ కుర్రాడూ చెప్పడు, "బాగానే ఉన్నా సార్" అంటాడు. నేను మూడు చూస్తా. ఒకటి, ఫ్రీ త్రోకి, అంటే ఫౌల్‌కి దొరికే అడ్డులేని షాట్‌కి, అందరూ నిలబడినప్పుడు వాడి చేతులు ఎక్కడున్నాయి, షార్ట్స్ అంచు పట్టుకుని ముందుకి వంగాడంటే ఇంకో నిమిషమే మిగిలింది. రెండు, రీబౌండ్‌కి, అంటే పడకుండా తిరిగొచ్చిన బాల్‌కి, పాదాలు నేలమీదే ఉంచి చేతులు మాత్రం పైకెత్తుతున్నాడా. మూడు, అవతలివాడు షాట్ వేశాక తన మనిషిని వీపుతో ఆపకుండా తలెత్తి బాల్‌ని చూస్తున్నాడా. ఈ మూడోది కనిపించిందంటే తర్వాతి ఫౌల్ దగ్గర్లోనే ఉంది, ఎందుకంటే రీబౌండ్ వాడి వెనకనుంచి ఎవడో లాక్కుంటాడు, వీడు వాడి భుజం మీద చెయ్యేస్తాడు, విజిల్.

అందుకే నేను ఫౌల్స్‌నీ నిమిషాలనీ వేరువేరుగా చూడను. బెంచ్ చివర ఒక ఫస్టియర్ కుర్రాడిని నోట్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టు. సెంటర్ లోపలికి వెళ్లినప్పుడు టైం, స్కోరు, బయటికి వచ్చినప్పుడు టైం, స్కోరు, మధ్యలో ఫౌల్ పడితే అది విడతలో ఎన్నో నిమిషం, ఏ రకం ఫౌల్. అంతే, పెద్ద యాప్‌లేం అక్కర్లేదు. నాకు పదే పదే కనబడిందేంటంటే, షాట్ ఆపబోయి చేసిన ఫౌల్స్ తక్కువ, రీబౌండ్ పోయాక చెయ్యేసినవీ, ఆలస్యంగా స్క్రీన్ పెట్టడానికి వెళ్లి కదులుతూ గుద్దినవీ ఎక్కువ, అవి కూడా విడత చివర్లోనే గుంపుగా పడతాయి. మీవాడి సంగతి కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం. నాలుగు మ్యాచ్‌లు రాయించి చూడు.

సబ్ చేసే, అంటే ఆటగాడిని మార్చే పద్ధతి గురించి ఒక మాట, ఎందుకంటే కొత్త కోచ్‌లు ఇక్కడే రెండు నిమిషాలు పోగొట్టుకుంటారు. ఫీబా రూల్స్‌లో సబ్ అడగాల్సింది కోచ్ కాదు, లోపలికి వెళ్లే ఆటగాడే స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి అడిగి అక్కడి కుర్చీలో కూర్చోవాలి. గడియారం ఆగి బాల్ డెడ్ అయితేనే, అంటే ఆట ఆగితేనే, మార్పు. బాస్కెట్ పడినంత మాత్రాన గడియారం ఆగదు, ఆఖరి క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో, ఓవర్‌టైం చివరి రెండు నిమిషాల్లో తప్ప. అంటే నీ సెంటర్ వంగిపోయాక అప్పుడు "రేయ్ లేవరా" అని రెండోవాడిని లేపితే, వాడు టీషర్టు విప్పి టేబుల్ దగ్గరికి చేరేసరికి ఒక విజిల్ పోతుంది, తర్వాతి విజిల్ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. కాబట్టి అయిదో నిమిషంలోనే వాడిని కుర్చీలో కూర్చోబెట్టెయ్. ముప్ఫై సెకన్లు ముందు మార్చినా నష్టం లేదు, నిమిషంన్నర ఆలస్యంగా మారిస్తే ఒక ఫౌల్ ఖరీదు.

ఇప్పుడు మ్యాచ్ మొత్తానికి నేను వేసే నమూనా చెప్తా, దీన్ని రాతిమీద చెక్కుకోవద్దు. మొదటి క్వార్టర్ వాడితోనే మొదలెట్టు, గడియారంలో నాలుగు నిమిషాలు మిగిలుండగా తీసెయ్. క్వార్టర్ అయ్యేదాకా బయటే. ఈ నాలుగు నిమిషాలూ చూడ్డానికి నాలుగే కానీ, ఫౌల్స్‌కీ ఫ్రీ త్రోలకీ ఆగుతూ ఉంటుంది కదా, దానికి క్వార్టర్ల మధ్య రెండు నిమిషాల విరామం కలిస్తే వాడికి దొరికే అసలు విశ్రాంతి తేలిగ్గా ఎనిమిది తొమ్మిది నిమిషాలు. క్వార్టర్ చివర కూర్చోబెడితే విరామం ఉచితంగా వచ్చినట్టు. రెండో క్వార్టర్ మళ్లీ వాడితో మొదలు, సగంలో తీసి, చివరి రెండు నిమిషాలకి మళ్లీ పంపు, ఆ తర్వాత హాఫ్‌టైం ఎలాగూ పదిహేను నిమిషాలు ఉంటుంది కాబట్టి అక్కడ పిండుకోవచ్చు. మూడో క్వార్టర్ మొదటిదాని లాగే ఆరు నిమిషాలు. నాలుగో క్వార్టర్ మొదటి రెండు నిమిషాలు బయటుంచి, ఎనిమిది నిమిషాలు మిగిలుండగా పంపి చివరిదాకా ఉంచెయ్. ఆరూ ఏడూ ఆరూ ఎనిమిదీ, 27 వచ్చింది చూశావా. చివర ఎనిమిది ఒకే విడత కదా అంటావేమో, రెండో సగానికి నీకు మూడు టైమౌట్లు ఉంటాయి, అందులో ఒకటి నాలుగైదు నిమిషాలు మిగిలున్నప్పుడు వాడి ఊపిరి కోసమే వాడుకో, స్ట్రాటజీ ఏం చెప్పక్కర్లేదు, నీళ్లిచ్చి కూర్చోబెట్టు చాలు. ఎలాగూ చివరి రెండు నిమిషాల్లో అన్ని టైమౌట్లూ వాడనివ్వరు, రెండే ఇస్తారు, కాబట్టి మూడోది ముందే వాడితేనే లాభం.

లోకల్ టోర్నమెంట్లలో గడియారం ఆపకుండా రన్నింగ్ క్లాక్ పెడతారు చూడు, అక్కడ ఈ లెక్క మారుతుంది. బాల్ బయటికి పోయి తెచ్చేదాకా కూడా గడియారం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆరు నిమిషాల్లో నిజంగా ఆడేది నాలుగే, అక్కడ ఎనిమిది దాకా ఉంచినా పర్లేదు.

ఫౌల్స్ దగ్గరికి వద్దాం. మొదటి క్వార్టర్‌లో రెండు పడితే కూర్చోబెట్టెయ్, రెండో క్వార్టర్‌లో మూడు పడితే కూర్చోబెట్టెయ్ అనేది అందరూ పాటించే సూత్రం. నేను సగమే ఒప్పుకుంటా. అయిదు ఫౌల్స్‌తో వాడు బయటికి పోతాడేమోనన్న భయంతో నువ్వే వాడిని పదిహేను నిమిషాలు బెంచ్ మీద పెడితే, ఆ భయపడిన పని నువ్వే చేసినట్టు కదా! మూడో క్వార్టర్‌లో నాలుగో ఫౌల్ పడింది సరే, మ్యాచ్ అప్పటికే పన్నెండు పాయింట్లు జారిపోతుంటే ఎవరికోసం దాస్తావు? నేనైతే మొదటి సగంలో ఆ సూత్రం పాటిస్తా, రెండో సగంలో స్కోరు చూసి పాటిస్తా. నాలుగు ఫౌల్స్‌తో లోపలికి పంపినప్పుడు మాత్రం వాడి పని మార్చేస్తా. అవతలి టీమ్‌లో తక్కువ స్కోర్ చేసేవాడి మీద పెడతా, లేదా ముందు ఇద్దరు వెనక ముగ్గురు తమ చోటు కాచే 2-3 జోన్ వేసి మధ్యలో నిలబెడతా, స్క్రీన్ వాడుకుని గార్డ్ దూసుకొచ్చే పిక్ అండ్ రోల్‌లో బయటికి వచ్చి గార్డ్‌ని అడ్డుకోమని చెప్పను, వెనకే ఉండిపోమంటా.

ఇక్కడ ఎన్‌బీఏ వీడియోలు చూసి మోసపోయేది ఇంకొకటి ఉంది. అక్కడ డిఫెన్స్‌లో ఎవరినీ గార్డ్ చేయకుండా సెంటర్ మూడు సెకన్లకి మించి పెయింట్‌లో నిలబడితే టెక్నికల్ ఫౌల్. ఫీబాలో ఆ రూలు లేదు. నీ సెంటర్ పొసెషన్ మొత్తం రింగ్ కిందే పాతుకుపోయి నిలబడొచ్చు. కాళ్లలో సత్తువ లేనప్పుడు, ఫౌల్స్ మీద పడ్డప్పుడు ఇంతకు మించిన వరం లేదు, అయినా పిల్లలు వీడియోలు చూసి బయటికి పరిగెడుతుంటారు. రెండు చేతులూ నిటారుగా పైకెత్తి ఉన్నచోటే నిలువుగా ఎగరడం నేర్పు, చేతులు ముందుకి వాలకపోతే మన చోటులో మనం ఎగిరినట్టే, రిఫరీ విజిల్ వేయాల్సిన పనిలేదు. నా దగ్గర ఒక గుంటూరు కుర్రాడు ఉండేవాడు, మహా ఉత్సాహం, మొదటి రెండు నిమిషాల్లో అవతలివాడు షాట్ వేస్తున్నట్టు నటించినా చాలు ఆకాశానికి ఎగిరేవాడు, వచ్చి వాడి నెత్తిమీద పడేవాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి స్టార్టింగ్ నుంచి తీసేసి మూడో నిమిషంలో పంపడం మొదలెట్టా. కుర్చీలో కూర్చుని అవతలి సెంటర్ ఎలా నటిస్తున్నాడో చూసి వెళ్లేవాడు కాబట్టి, ఆ మొదటి ఫౌల్ పడటం బాగా తగ్గింది. స్టార్టింగ్ ఫైవ్‌లో పేరు లేదని వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి అడిగారనుకో, అది వేరే కథ.

ఎవరితో కలిపి ఆడించాలి. ఆట నడిపించే మీ బెస్ట్ పాయింట్ గార్డ్‌నీ సెంటర్‌నీ ఒకేసారి బయటికి తీయొద్దు. ఇద్దరూ కలిసి ఎక్కువసేపు ఆడాలి, కానీ సెంటర్ కూర్చున్నప్పుడు గార్డ్ లోపల ఉండాలి, గార్డ్ కూర్చునే రెండు మూడు నిమిషాలు సెంటర్ లోపల ఉండాలి. చాలా కాలేజీ టీముల్లో అయిదుగురినీ ఒకేసారి దించి ఇంకో అయిదుగురిని పంపుతారు, అందరికీ ఛాన్స్ ఇచ్చినట్టు ఉంటుంది, స్కోర్ బోర్డు మాత్రం ఊరుకోదు. ఎన్‌బీఏలో డెన్వర్ టీమ్‌కి వాళ్ల సెంటర్ యోకిచ్ కూర్చున్నప్పుడల్లా ఇదే తలనొప్పి ఉండేది. 2023లో ఛాంపియన్లు అయినప్పుడు ప్లేఆఫ్స్‌లో వాళ్లేం చేశారంటే, యోకిచ్ లేని నిమిషాల్లో పాయింట్ గార్డ్ ముర్రేని బెంచ్ వాళ్లతో ఉంచి, ఫార్వర్డ్ అయిన ఏరన్ గోర్డన్‌ని సెంటర్‌గా వాడుకున్నారు. అంటే రెండో సెంటర్ అనే పేరున్నవాడినే పంపాలని ఎక్కడా లేదు. నీ దగ్గర ఆరడుగుల వాడు ఉన్నాడన్నావు, వాడికంటే బలంగా, తగిలితే కదలని ఫార్వర్డ్ ఎవడైనా ఉంటే వాడిని ప్రయత్నించు. ఎత్తు కంటే నడుము కింద బలం ముఖ్యం అక్కడ.

చిన్న లైనప్, అంటే పొడుగు సెంటర్ లేని అయిదుగురు, అనగానే అందరూ ఎన్‌బీఏ టీమ్ గోల్డెన్ స్టేట్ పేరే చెప్తారు. 2015 ఫైనల్స్‌లో 2-1తో వెనకబడి ఉన్నప్పుడు నాలుగో మ్యాచ్‌కి ఏడడుగుల సెంటర్ బోగట్‌ని స్టార్టింగ్ నుంచి తీసేసి వాడికంటే పొట్టివాడైన ఇగ్వడాలాని పెట్టారు, ఆరడుగుల ఆరంగుళాల డ్రేమండ్ గ్రీన్ సెంటర్, వరసగా మూడు గెలిచి కప్పు పట్టుకెళ్లారు. కానీ అది ఎందుకు పనిచేసిందో మర్చిపోతారు, బయటినుంచి షాట్ వేసేవాళ్లు ముగ్గురు ఉన్నారు, గ్రీన్ తనకంటే పెద్దవాడిని కూడా పోస్ట్‌లో ఆపగలడు. మన కాలేజీ టీములో మూడు పాయింట్ల షాట్ పడేది ఒకడికి, అదీ వాడి మూడ్ బట్టి. ఓక్లహోమా వాళ్లూ 2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌కి సెంటర్ హార్టెన్‌స్టైన్‌ని స్టార్టింగ్ నుంచి తీసి చిన్నగా మొదలెట్టారు, ఒక్క పాయింట్‌తో ఓడిపోయారు, సిరీస్ మాత్రం 4-3తో గెలిచారు. మ్యాచ్‌ని బట్టి మార్చుకోవాలి తప్ప చిన్నదే గొప్ప, పెద్దదే గొప్ప అని ఏమీ లేదు.

మరి సెంటర్ లేని ఆ మూడు నాలుగు నిమిషాల ఆట ఎలా ఉండాలి? రెండు దారులున్నాయి. ఒకటి, ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసి, అంటే కోర్టంతా వెంటపడి కాస్తూ, పరిగెత్తించడం, అవతలి పొడుగువాడు పెయింట్‌లోకి చేరేలోపే షాట్ అయిపోవాలి. రెండోది నాకు ఇష్టమైనది, ఆటని నెమ్మది చేసెయ్యడం. అయిదుగురూ మూడు పాయింట్ల గీత బయటే ఉంటారు, పోస్ట్‌లో ఎవడూ ఉండడు, దాంతో అవతలి సెంటర్ కూడా బయటికి రావాల్సి వస్తుంది, లేదంటే లోపలే ఉండి మనవాడిని వదిలెయ్యాలి. బాల్ తిప్పుతూ తిప్పుతూ, షాట్ వేయడానికి రూలు ఇచ్చే 24 సెకన్లలో ఇరవై వాడేశాకే షాట్. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. రెండు టీములూ పది పది సెకన్లకి షాట్ వేసుకుంటే ఒక్కో వైపు తొమ్మిది పొసెషన్లు, నువ్వు ఇరవై తీసుకుంటే వాళ్లు తొందరపడినా ఆరు దాటవు. వాళ్ల ఎత్తు పనిచేసే ఛాన్సులు మూడోవంతు తగ్గించావు, ఒక్క బాస్కెట్ వేయకుండానే. డిఫెన్స్‌లో అవతలి సెంటర్‌కి వెనక కాకుండా ముందు నిలబడి, పైనుంచి వేసే పాస్‌కి వెనకనుంచి ఇంకొకడు సాయం రావాలి. వాళ్లు షాట్ వేశాక మన గార్డ్‌లు ఇద్దరూ కూడా కిందకి వచ్చి రీబౌండ్ పట్టాలి, అప్పటిదాకా బ్రేక్ కోసం ముందుకి పరిగెత్తడం నిషేధం. మా కుర్రాళ్లకి నేను పెట్టే టార్గెట్ చాలా చిన్నది, ఆ విడత మొత్తంలో రెండు పాయింట్లకి మించి పోగొట్టొద్దు. మైనస్ రెండుతో వచ్చారంటే చప్పట్లు కొట్టి టవల్ ఇస్తా. ప్లస్ రావాలని చెప్తే కంగారుపడి అడ్డమైన షాట్లన్నీ వేస్తారు.

ఇది ప్రాక్టీసులో ఆడాలి, మ్యాచ్‌లో నేర్పితే రాదు. వారంలో రెండు రోజులు సెంటర్‌ని అవతలి టీమ్‌లో పెట్టి మిగతా స్టార్టర్లని వాడికి ఎదురుగా ఆడించు. మొదట్లో వాడు అందరినీ తొక్కేస్తాడు, వారం పది రోజులకి వీళ్లకి కిటుకు తెలుస్తుంది.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, అవతలి సెంటర్ కూర్చున్నప్పుడు మనవాడిని కూడా కూర్చోబెట్టాలా అని. మీవాడు స్కోర్ చేసేవాడైతే అవతలి పెద్దవాడు కూర్చున్నప్పుడే వాడు లోపల ఉండాలి, ఆ మూడు నిమిషాల్లో ప్రతి బాల్ వాడికే. డిఫెన్స్ కోసమే ఉన్నవాడైతే అవతలివాడిని నీడలా అనుసరించడం మేలు. నా దగ్గర ఈ రెండు రకాలవాళ్లూ ఆడారు, ఇద్దరికీ ఒకే చార్ట్ వేస్తే కుదరదు.

చివరి రెండు నిమిషాల సంగతి. మీవాడికి ఫ్రీ త్రోలు పడతాయా? నువ్వు రాయలేదు. పడకపోతే, మనం ముందంజలో ఉన్నప్పుడు అవతలివాళ్లు కావాలని వాడినే పట్టుకుని ఫౌల్ చేస్తారు, ఫ్రీ త్రోలు పోగొడతాడని. ఎన్‌బీఏ కోచ్ డాన్ నెల్సన్ 1997లో అవతలి టీమ్ రాడ్‌మన్ మీద మొదలెట్టిన పద్ధతి, తర్వాత సెంటర్ షకీల్ ఓనీల్ పేరుమీద ప్రసిద్ధి అయ్యింది, ఓనీల్ కెరీర్ మొత్తంలో ఫ్రీ త్రోలు 52.7 శాతమే. ఫీబాలో బాల్ లేని మనిషిని ఊరికే పట్టుకుంటే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ ఇవ్వొచ్చు, రెండు ఫ్రీ త్రోలతో పాటు బాల్ కూడా మనకే, కాబట్టి ఇక్కడ ఆ ఆట అంత తేలిక కాదు. అయినా చేతిలో బాల్ ఉన్నప్పుడు బాల్ కోసం ప్రయత్నించినట్టు చేసి ఫౌల్ చేస్తారు. దానికి మందు ఒకటే, మన బాల్ అయినప్పుడు వాడిని తీసి షూటర్‌ని పంపు, వాళ్ల బాల్ అయినప్పుడు మళ్లీ వాడిని పంపు. చివరి రెండు నిమిషాల్లో బాస్కెట్ పడితే గడియారం ఆగుతుంది, బాస్కెట్ తిన్న టీమ్ సబ్ అడగొచ్చు, వాళ్లు మార్చితే అవతలివాళ్లూ మార్చుకోవచ్చు, కాబట్టి ఈ దొంగాటకి రూలే దారి ఇచ్చింది. రెండోవాడు కుర్చీలో సిద్ధంగా ఉండటం మాత్రం మర్చిపోవద్దు.

కూర్చున్నప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి. చివరి కుర్చీలో కాదు, నీ పక్కనే కూర్చోబెట్టుకో, ముందు తడి టవల్ మెడమీద, నీళ్లు రెండు మూడు గుక్కలుగా, ఒకేసారి సీసా ఎత్తొద్దు. ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఉండాలి, కూల్ డ్రింకులు వద్దు. పంపడానికి నిమిషం ముందు లేచి నిలబడి మోకాళ్లు ఆడించాలి, చల్లబడిన కాళ్లతో వెళ్తే మొదటి జంప్‌కే పట్టేస్తుంది. మ్యాచ్ నాలుగింటికి అయితే హాస్టల్ మెస్‌లో ఒంటిగంటకి పీకలదాకా సాంబారన్నం తిని వస్తారు మనవాళ్లు, పదకొండున్నరకే తినిపించు, మధ్యలో అరటిపండు చాలు.

ఇంటర్ యూనివర్సిటీ లాంటి టోర్నమెంట్లలో రోజూ మ్యాచ్ ఉంటుంది, ముందు నాకౌట్లు, గెలిస్తే పై రౌండ్లు లీగ్. అక్కడ ఒక్క మ్యాచ్ లెక్క చాలదు. మొదటి రౌండ్‌లో బలహీనమైన టీమ్ తగిలితే, ఇరవై పాయింట్ల లీడ్ వచ్చాక కూడా సెంటర్‌ని లోపలే ఉంచే కోచ్‌లు ఉన్నారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు వాడికి పదిహేను నిమిషాలు చాలు, మిగతాదంతా నీ చిన్న లైనప్‌కి నిజమైన ప్రాక్టీసు.

కుర్రాడితో మాట్లాడటం గురించి చెప్పి ఆపేస్తా. తీసిన ప్రతిసారీ మొహం మాడ్చుకుంటాడు, తప్పు చేశాననుకుంటాడు. మ్యాచ్ ముందురోజే ఎప్పుడు వస్తావో, ఎప్పుడు వెళ్తావో చెప్పెయ్, అప్పుడు ఆ ఆరు నిమిషాలూ దాచుకోకుండా ఆడతాడు. అమెరికాలో నార్త్ కెరొలైనా యూనివర్సిటీలో డీన్ స్మిత్ అనే పెద్ద కోచ్ ఒక పద్ధతి పెట్టాడు, అలిసిపోయినవాడు పిడికిలి పైకెత్తితే తీసేస్తారు, ఊపిరి తిరిగాక మళ్లీ తనంతట తానే వెళ్లొచ్చు. కోచ్ తీస్తే మాత్రం కోచ్ ఇష్టం. దీన్ని మా వాళ్లకి పెట్టా, మొదట్లో సిగ్గుపడి ఎవడూ ఎత్తలేదు, సీనియర్ ఒకడు ఎత్తాక దారిలో పడ్డారు. కోర్టు మీద తెలుగులో అరుచుకుంటే అవతలివాళ్లకి తెలీదనుకుంటారు పిల్లలు, మద్రాసులో తెలుగు తెలియనివాడెవడు, పోయినసారి రిఫరీయే నవ్వాడు. కాబట్టి పిడికిలే మేలు.

నీ పాయింట్ గార్డ్ ఎలాంటివాడు, బాల్ చేతిలో ఉంచుకుని ప్రెస్‌ని తట్టుకోగలడా, సెంటర్ ఫ్రీ త్రోలు పదికి ఎన్ని వేస్తాడు, ఈ రెండూ రాయి. గార్డ్ తట్టుకోలేని రకమైతే పైన చెప్పిన నెమ్మది ఆట నీకు పనికిరాదు, అప్పుడు ప్రెస్ వేసే దారే చూడాలి, దానికి బెంచ్ మీద ఇంకో ఇద్దరు కావాలి.